తాగినవాడు, కలిపినవాడు: తెలుగు సాహిత్యంలో మత్తు - ఒక పునఃపరిశీలన

ప్రవేశిక

నన్నయ ఆంధ్రమహాభారతం ఆదిపర్వంలోని కచదేవయానుల కథ తెలుగు అధ్యాపకులకు చిరపరిచితమైన ఘట్టం. మృతసంజీవని విద్య కోసం శుక్రాచార్యుని వద్ద శిష్యుడుగా చేరిన కచుణ్ణి రాక్షసులు చంపుతారు. గురువు బతికిస్తాడు. చివరకు రాక్షసులు కచుని దేహాన్ని దహించి, ఆ బూడిదను సురలో కలిపి శుక్రునిచేతనే తాగిస్తారు. జరిగినది తెలుసుకున్న శుక్రుడు శిష్యుణ్ణి తన కడుపులోనే బతికించి, విద్య నేర్పి, వెలికి రప్పించుకుంటాడు. ఆ వెంటనే మద్యపానాన్ని మహాపాతకంగా శాసిస్తాడు. మద్యనిషేధానికి పురాణప్రమాణం కావలసినప్పుడు మన ఉపన్యాసకులు ఇప్పటికీ ఈ ఘట్టాన్నే ఉదాహరిస్తారు.

ఈ ఘట్టంలో విమర్శకులు అంతగా పట్టించుకోని ఒక అంశముంది. సురలో బూడిద కలిపినది రాక్షసులు. తెలియక తాగినది శుక్రుడు. శాపం పడినది మాత్రం అప్పటినుంచి తాగబోయే వారందరిమీద. కలిపినవారిమీద అటువంటి శాసనమేదీ లేదు. నేరం కల్తీదైతే శిక్ష పానానిది అయింది. పురాణకథకు దాని తర్కం దానికి ఉంటుంది కనుక ఇది నన్నయపై చేసే ఆక్షేపణ కాదు. అయితే ఈ తర్కమే తరువాతి తెలుగు సాహిత్యంలో, ముఖ్యంగా సంస్కరణయుగం నుంచి, మత్తును చూసే అలవాటుగా స్థిరపడిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. మన సాహిత్యంలో తాగినవాడు కనిపించినంతగా కలిపినవాడు, అమ్మినవాడు, వేలంపాట పాడినవాడు, పన్ను వసూలు చేసినవాడు కనిపించరు. కొన్ని ప్రసిద్ధ రచనల ఆధారంగా ఈ అలవాటును గుర్తించడం, అది తప్పిన అరుదైన సందర్భాలను పరిశీలించడం, నేటి మాదకద్రవ్య సమస్య ముందు ఆ అలవాటు ఎందుకు చాలదో నిరూపించడం ఈ వ్యాసం లక్ష్యాలు.

1. రెండు మాటలు: వ్యసనం, మందు

సమస్యను చూసే తీరు ముందుగా మాటల్లో తెలుస్తుంది. సంస్కృతంలో ‘వ్యసన’ శబ్దానికి ఆపద అనే అర్థమూ, దుర్గుణం అనే అర్థమూ ఉన్నాయి. కౌటిల్యుని అర్థశాస్త్రం ఎనిమిదో అధికరణంలో రాజ్యాంగాలకు సంభవించే కీడులూ, రాజును లోబరచుకునే పానద్యూతాదులూ ఒకే మాట కింద చర్చకు వస్తాయి. తెలుగులో ఈ శబ్దానికి దుఃఖం అనే అర్థం కూడా ఉంది. ‘వ్యసనపడు’ అంటే దుఃఖించు అని పాత నిఘంటువులు చెబుతాయి. ఒకే మాటలో ఆపద, దుఃఖం, దురభ్యాసం మూడూ ఇమిడి ఉండటం యాదృచ్ఛికమనుకున్నా సార్థకమే. మనిషి దేనిలో పడ్డాడో, దేనివల్ల పడ్డాడో, పడ్డాక ఏమయ్యాడో మూడింటినీ ఆ మాట చెప్పగలదు. ఆధునిక వాడుకలో మొదటి రెండు అర్థాలు మరుగున పడ్డాయి. ‘వ్యసనపరుడు’ అన్నప్పుడు ఇవాళ మనకు స్ఫురించేది తప్పు చేసినవాడే గాని ఆపదలో ఉన్నవాడు కాడు.

‘మందు’ అన్న దేశిపదం చరిత్ర ఇంతకంటె విచిత్రం. ఔషధం మందు. తుపాకిలో కూరేది మందు. పైరుకు పట్టిన పురుగును చంపేది మందు. ఒకరిని వశపరచుకోవడానికి అన్నంలో పెట్టేదీ మందే. నల్లమందు అన్న పేరులో ఆ ద్రవ్యం చికిత్సాచరిత్ర నిలిచి ఉంది. ఇక వర్తమాన వ్యవహారంలో మందు అంటే మద్యం. నయంచేసేదీ చంపేదీ ఒకే మాటలో ఉన్నాయంటే, గుణం ద్రవ్యంలో మాత్రమే లేదనీ, అది ఎవరి చేతిలో, ఎంత మోతాదులో, ఎందుకు ఉన్నదన్న దానిలోనూ ఉన్నదనీ భాష ఎరిగినట్లే. సాహిత్యం ఈ ఎరుకను ఎంతమేరకు నిలుపుకున్నదన్నది తరువాతి ప్రశ్న.

2. కన్యాశుల్కం: దుకాణం కనిపించిన చోటు

ఆధునిక తెలుగు సాహిత్యంలో మత్తును అలవాటుగానూ, వ్యాపారంగానూ చూపిన తొలి ప్రధాన రచన కన్యాశుల్కమే అనవచ్చు. 1892లో ప్రదర్శితమై, 1897లో అచ్చయి, 1909లో సమూలంగా విస్తరించిన ఈ నాటకంలో మన చర్చకు రెండు సందర్భాలు ముఖ్యం.

మొదటిది గిరీశం చుట్ట. తన వద్ద చదువుకు చేరినందుకు దక్కిన ఫలితం చుట్ట కాల్చడమేనని శిష్యుడు వెంకటేశమే వాపోతాడు. గిరీశం తొణకడు. ధూమపానానికి ఒకవైపు దొరల గొప్పతనాన్ని, మరొకవైపు పురాణం ధోరణిలో నడిచే పద్యాన్ని సాక్ష్యం తెచ్చి దానిని ఒక విద్యగా స్థాపిస్తాడు. ఈ ఘట్టం హాస్యానికి ప్రసిద్ధం. కాని హాస్యం వెనుక ఉన్న పరిశీలన సూక్ష్మమైనది. కుర్రవాడు పొగ రుచి వల్ల అలవాటులో పడలేదు. తాను గౌరవించే పెద్దవాడు దానికి అంటగట్టిన ప్రతిష్ఠ వల్ల పడ్డాడు. కళాశాలల పరిసరాల్లో గంజాయి మొదట చేతికందేది కూడా చాలాసార్లు పరిచయస్థుడి ద్వారానే, చీకటిసందులో ఎదురుపడే అపరిచితుడి ద్వారా కాదు. అలవాటుకు ముందు ఒక గురువు, ఒక ప్రమాణం, ఒక చేరిక ఉంటాయని గురజాడ గుర్తించాడు.

రెండవది సారాదుకాణం దృశ్యం. ఇక్కడ దుకాణదారు ఉన్నాడు, బైరాగి ఉన్నాడు, పోలీసులు ఉన్నారు, పరస్పరం తగవులాడుకునే శైవ వైష్ణవ భక్తులూ ఉన్నారు. మతభేదాలు, అధికారభేదాలు అన్నీ దుకాణంలో ఒకే వరుసలో కూర్చుంటాయి. తాగుడుకు బైరాగి వేదాంతపు రంగు పులుముతాడు. పోలీసు అక్కడికి వచ్చింది తనిఖీకి కాదు, తాగడానికి. 1886 నాటి మద్రాసు ఆబ్కారీ చట్టంతో మద్యం ప్రభుత్వాదాయంగా క్రమబద్ధమైన కాలం అది. లైసెన్సు పొందిన దుకాణంలో ప్రభుత్వోద్యోగి ఖాతాదారుగా కూర్చున్న దృశ్యం కేవలం ప్రహసనం కాదు, ఒక పాలనావ్యవస్థ చిత్రం. ఈ దృశ్యాన్ని కథాగమనానికి అంతగా అవసరం లేనిదిగా భావించి ప్రదర్శనల్లో కుదించడం సులభం. కాని మత్తుకు ఒక చోటు, ఒక యజమాని, ఒక రక్షకుడు ఉంటారని తెలుగు రంగస్థలం మీద చూపించిన దృశ్యంగా దాని విలువ వేరు.

గురజాడ తెరిచిన ఈ దారిలో తరువాతి సంస్కరణనాటకం ఎక్కువదూరం నడవలేదు. కాళ్లకూరి నారాయణరావు వేశ్యాలోలత్వాన్ని చింతామణిలోనూ, వరకట్నాన్ని వరవిక్రయంలోనూ, మద్యపానాన్ని మధుసేవలోనూ తీసుకున్నాడు. ఒక్కొక్క దురాచారానికి ఒక్కొక్క నాటకం అన్న ఈ ప్రణాళికలో చిత్తశుద్ధి ఉంది, ప్రజాదరణ ఉంది. కాని దాని వెనుక సప్తవ్యసనాల పట్టిక ఉంది. పట్టికలో చేరిన వ్యసనం వ్యక్తి శీలానికి సంబంధించిన అంశమవుతుంది. దుకాణం నేపథ్యంలోకి పోతుంది.

3. పానశాల, దేవదాసు: ఖరీదు లేని పాత్ర

భావకవిత్వయుగంలో మత్తుకు కొత్త గౌరవం వచ్చింది. ఉమర్ ఖయ్యాం రుబాయీలను ఆదిభట్ల నారాయణదాసు సంస్కృతంలోనూ అచ్చతెనుగులోనూ వెలయించగా, దువ్వూరి రామిరెడ్డి పారసీకం నేర్చి ‘పానశాల’గా తెలుగు చేశాడు. పానశాల తెలుగు పద్యానికి దక్కిన అపురూపమైన సంపద. అందులోని మధువును కేవలం మద్యంగా చదవడం మొరటుతనం. అనిత్యతపట్ల వేదన, పరలోకంపై సంశయం, క్షణం మీద మమకారం ఆ పాత్రలో నిండి ఉన్నాయి. ఆ కావ్యం మద్యాన్ని ప్రచారం చేసిందనడం రూపకాన్ని నేరంగా విచారించడమే.

అయినా ఒక ప్రశ్న మిగులుతుంది. రూపకం తాను తీసుకున్న వస్తువును కడిగి శుభ్రంచేసి తీసుకుంటుంది. ఇక్కడ మధువుకు పాత్ర ఉంది, సాకీ ఉంది, గులాబీతోట ఉంది. చెల్లించవలసిన మూల్యం ఉన్నా అది తాత్త్వికమైన మూల్యం. సాయంత్రం కూలిడబ్బులో ఎంత దుకాణానికి పోయింది, ఎంత ఇంటికి చేరింది అన్న లెక్కకు ఆ తోటలో చోటు లేదు, ఉండనవసరమూ లేదు. అదే కవి ‘కృషీవలుడు’ రాసినప్పుడు పొలాన్ని, శ్రమను, పల్లెజీవితాన్ని ఎంతో దగ్గరగా చూశాడు. పల్లెను చూసిన కన్నూ, పానశాలను చూసిన కన్నూ ఒకే కవివి. కాని రెండు కావ్యాలూ ఒకదానినొకటి పలకరించుకోలేదు. రైతు పొలంలో ఉన్నాడు, మధువు తోటలో ఉంది. ఆ రెంటిమధ్య ఉన్న దుకాణం ఏ కావ్యానికీ వస్తువు కాలేదు.

విషాదాన్ని మద్యంతో శాశ్వతంగా ముడివేసినది దేవదాసు. శరత్ నవల చక్రపాణి అనువాదంలో తెలుగు పాఠకుల సొంతమైంది. 1953లో వేదాంతం రాఘవయ్య దర్శకత్వంలో వచ్చిన చిత్రం ఆ పాత్రను ఇంటింటికీ చేర్చింది. ‘దేవదాసు’ అన్న పేరు తెలుగులో సామాన్యనామంగా మారింది. ప్రేమలో ఓడినవాడు తాగుతాడు, తాగినవాడి వెనుక ఒక ఓడిన ప్రేమ ఉంటుంది అన్న ఊహ అప్పటినుంచి మన చిత్రాల్లోనూ పాటల్లోనూ అడుగడుగునా కనబడుతుంది.

ఈ విషాదానికి ఒక ఆర్థికనియమం ఉంది. దేవదాసు జమీందారు బిడ్డ. అతడు తాగినది అతని వాటా. అతడు ఎవరి గిన్నెలో కూడూ కాజేయలేదు. తన్ను తాను మాత్రమే నాశనం చేసుకుంటున్నాడన్న భావన కలగడానికి ఆ ఆస్తి అవసరం. అదే తాగుడును ఒక వ్యవసాయకూలీకి అన్వయిస్తే కథ మారిపోతుంది. అతని పతనాన్ని చూసి కన్నీరు పెట్టేందుకు పార్వతికీ చంద్రముఖికీ దక్కిన తీరిక అతని భార్యకు ఉండదు. ఆమె మరునాటి గింజలు వెతుక్కోవాలి, రాత్రి దెబ్బలు తప్పించుకోవాలి. తాగుడు విషాదంగా ప్రకాశించడానికి దాని ఖరీదును ఎవరూ లెక్కపెట్టకుండా ఉండాలి. తెలుగువారి అభిమానకథ ఆ వెసులుబాటును కల్పించింది.

4. దూబగుంట: లెక్క రాసిన పాఠం

ఆ లెక్క రాసినది ఏ మహాకావ్యమూ కాదు. వయోజన విద్యావాచకంలోని ఒక పాఠం. దువ్వూరి రామిరెడ్డి పుట్టిన నెల్లూరు జిల్లాలోనే 1990వ దశకం ఆరంభంలో సంపూర్ణ అక్షరాస్యతా కార్యక్రమం ‘అక్షరదీపం’ పేరుతో నడిచింది. కొత్తగా అక్షరాలు దిద్దుతున్న స్త్రీల కోసం తయారైన పాఠాల్లో ‘సీతమ్మ కథ’ ఒకటి. ఊరి స్త్రీలు కలిసి సారాదుకాణాన్ని మూయించడం దాని సారం. ఆ చదువు సాగుతుండగా 1992లో దూబగుంట స్త్రీలు తమ ఊళ్లో సారాను అడ్డుకున్నారు. వారి అనుభవమే ‘ఆడవాళ్లు ఏకమైతే’ అనే పాఠమై మరిన్ని గ్రామాలకు చేరింది. వర్ధినేని రోశమ్మ పేరు ఊరి పేరుతో కలిసి దూబగుంట రోశమ్మగా చరిత్రలో నిలిచింది. స్త్రీలు సారా వేలంపాటలను అడ్డుకున్నారు. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారాను ప్రభుత్వం నిషేధించింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలిపోయింది.

ఉద్యమచరిత్రపై సామాజికశాస్త్రవేత్తలు, స్త్రీవాద చింతకులు విస్తృతంగా రాశారు. సాహిత్యవిమర్శ మాత్రం ఆ పాఠాన్ని ఒక రచనగా పరిశీలించడానికి పెద్దగా పూనుకోలేదు. ‘రచన’ అన్న గౌరవం వాచకానికి దక్కకపోవడం అందుకు ఒక కారణం కావచ్చు. కాని కథనశాస్త్రం దృష్టితో చూస్తే ఆ పాఠం చేసిన మార్పు చిన్నది కాదు. అప్పటిదాకా మద్యకథకు నాయకుడు తాగుబోతు. అతని పతనమో, పశ్చాత్తాపమో కథాంతం. భార్య సహించేది, ఏడ్చేది, చివరకు క్షమించేది. ఇక్కడ నాయిక భార్య. ప్రతినాయకస్థానంలో భర్త లేడు, దుకాణం ఉంది. కథాంతం ఒకడు తాగుడు మానడం కాదు, ఊళ్లో సారా లేకపోవడం. కర్త మారాడు, కర్మ మారింది, క్రియ కూడా మారింది.

ఈ వాదాన్ని మరీ సాగదీయకూడదు. పాఠమే ఉద్యమాన్ని పుట్టించిందనడం అక్షరానికి అతిశయమైన శక్తిని ఆపాదించడమవుతుంది. కోపం ముందే ఉంది. కూలి పోయిన కోపం, దెబ్బల కోపం, అప్పుల కోపం. 1980వ దశకంలో ప్రభుత్వమే ‘వారుణి వాహిని’ పేరుతో ప్యాకెట్ సారా సరఫరాను వ్యవస్థీకరించిన తరువాత సారా ఇంటి ముంగిటికి వచ్చింది. క్షీరసాగరమథనంలో పుట్టిన మద్యదేవత పేరును ఆబ్కారీ పథకానికి పెట్టడం తెలుగు ప్రభుత్వభాషలో పురాణం పొందిన వింతవినియోగం. స్త్రీలకు తెలియనిది తమ కష్టం కాదు. ఆ కష్టానికి సీసా వెనుక ఉన్న వరుస - భర్త, దుకాణదారు, కంట్రాక్టరు, వేలం, ఖజానా - ఒకే వాక్యంలో చెప్పవచ్చునన్నది ఆ చదువు ద్వారా స్పష్టమైంది. అనుభవానికి రూపమివ్వడం సాహిత్యం పని అయితే, ఆ పని అక్కడ జరిగింది.

5. కల్తీకల్లు, గంజాయితోట: ఇవాళ్టి పఠనం

దూబగుంట తరువాత మత్తు రూపం మారింది. భారతప్రభుత్వ సామాజికన్యాయ మంత్రిత్వశాఖ తరఫున ఎయిమ్స్ నిర్వహించి 2019లో వెలువరించిన జాతీయ సర్వే ప్రకారం 10 నుంచి 75 ఏళ్ల వయసువారిలో 14.6 శాతం, అంటే సుమారు 16 కోట్లమంది మద్యం వాడుతున్నారు. పురుషుల్లో ఇది 27.3 శాతం, స్త్రీలలో 1.6 శాతం. గంజాయి, భంగు వంటివి వాడేవారు సుమారు 3.1 కోట్లు. మద్యానికి పూర్తిగా లోబడినవారిలో ఏదో ఒక చికిత్స అందినది 38 మందిలో ఒకరికి మాత్రమే. చివరి అంకెను సాహిత్యవిద్యార్థులు ప్రత్యేకంగా గమనించాలి. మిగిలిన 37 మందికి అందుతున్నది నీతిబోధ, అపహాస్యం, లేదా మౌనం. ఈ మూడింటికీ భాషను సరఫరా చేస్తున్నది మన సంస్కృతే.

తెలంగాణలో కల్తీకల్లు సమస్య శుక్రాచార్యుని కథను అక్షరాలా గుర్తుకు తెస్తుంది. తాటిచెట్టు, ఈతచెట్టు ఇచ్చే కల్లు గీతవృత్తివారి బతుకుతెరువు, పండగలోనూ పబ్బంలోనూ భాగం. చెట్లు తగ్గి గిరాకీ తగ్గని చోట కల్లు పేరుతో నీటిలో క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రాజోలం వంటివి కలిపి అమ్మడం మొదలైంది. వీటిలో చివరి రెండూ వైద్యులు ఆందోళనకు, నిద్రలేమికి రాసే మాత్రలు. ‘మందు’ అన్న మాటలోని శ్లేష ఇక్కడ శ్లేషగా మిగలలేదు. ఔషధమే మత్తయింది, మత్తే విషమయింది. తాగుతున్నవారిలో చాలామందికి తాము తాగుతున్నది కల్లు కాదన్న సంగతే తెలియదు. 2015లో అధికారులు కల్తీపై దాడులు చేసినప్పుడు నిజామాబాదు, మహబూబ్‌నగర్ వంటి జిల్లాల్లో సరఫరా ఒక్కసారిగా ఆగింది. వందలమంది మూర్ఛలు, వణుకు, మతిభ్రమ లక్షణాలతో ఆసుపత్రుల పాలయ్యారు. వారిని ఆసుపత్రికి చేర్చినది తాగడం కాదు, ఉన్నట్టుండి మానవలసి రావడం.

గంజాయి విషయంలో భాష మరొక రకంగా అడ్డుపడుతుంది. ‘గంజాయివనంలో తులసిమొక్క’ అన్న నానుడి తెలుగువారి నాలుకమీద ఉంది. చెడ్డవారి మధ్య మంచివాడు అన్నది దాని భావం. ఆ వనాన్ని ఎవరు వేశారు, విత్తనం ఎవరిచ్చారు, పంట ఎవరు కొంటారు అన్న ప్రశ్న ఆ నానుడిలో లేదు. ఆంధ్ర ఒడిశా సరిహద్దు మన్యంలో గంజాయి సాగును గురించి వార్తాకథనాలు ఏళ్లుగా చెబుతున్నది ఆ ప్రశ్నకు జవాబే. పెట్టుబడి, కొనుగోలు, రవాణా మైదానప్రాంతపు దళారుల చేతిలో ఉంటాయి. దొరికిపోయేది తరచుగా గిరిజన రైతు, లేదా మూట మోసిన యువకుడు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద బెయిలు కూడా కష్టమైన కేసుల్లో సంవత్సరాలు గడిపేది వారే.

మన్యానికి ఇది కొత్త కాదు. 1879 రంప పితూరీకి ప్రధానకారణాల్లో ఒకటి కల్లుపై విధించిన చిగురుపన్ను, సొంతానికి కల్లు గీసుకునే హక్కుపై ఆబ్కారీ ఆంక్షలు. ఇంటి అవసరానికి చెట్టునుంచి దించుకున్న పానీయం చట్టం దృష్టిలో ఆదాయవనరైంది. నాలుగు దశాబ్దాల తరువాత అల్లూరి సీతారామరాజు అదే ప్రాంతంలో గిరిజనులకు తాగుడు మానమని బోధించాడు. ఈ రెండు సంఘటనలూ పరస్పరవిరుద్ధంగా కనిపించవచ్చు. ఒకచోట కల్లు హక్కు, మరొకచోట కల్లు కీడు. కాని రెండింటిలోనూ వివాదం పానీయం గుణం గురించి మాత్రమే కాదు, దానిపై ఎవరికి అధికారముంది అన్నదాని గురించి కూడా. మన చరిత్రకథనాలు సీతారామరాజు బోధను మహాపురుషుని శీలసంపదగా కీర్తించాయి గాని, చిగురుపన్నుతో కలిపి చదవడం అరుదు.

6. పశ్చాత్తాపఘట్టం: రూపానికి సంబంధించిన ఆక్షేపణ

తెలుగు కథల్లో, నాటకాల్లో, చిత్రాల్లో తాగుడు ఇతివృత్తానికి ఒక పరిచితమైన ముగింపు ఉంది. బిడ్డ చావో, భార్య కన్నీరో, తల్లి మాటో నాయకుణ్ణి కుదిపేస్తుంది. అతడు సీసాను నేలకేసి కొడతాడు. ఆనాటి నుంచి ముట్టడు. పాఠకుడి మనసు కుదుటపడుతుంది. పాఠశాలల్లో, కళాశాలల్లో మాదకద్రవ్య వ్యతిరేక దినం నాడు వేసే నాటికలు కూడా ఇదే నమూనాను అనుసరిస్తాయి.

ఈ ముగింపుపై రెండు ఆక్షేపణలున్నాయి. మొదటిది వైద్యసంబంధమైనది. మద్యానికి దీర్ఘకాలం, ఎక్కువ మోతాదులో అలవాటుపడిన శరీరం ఉన్నట్టుండి మానితే మూర్ఛలు, సన్నిపాతం వంటి భ్రమలు రావచ్చు, ప్రాణాపాయమూ కలగవచ్చు. ఆల్ప్రాజోలం వంటి మాత్రల విషయంలోనూ అంతే. అటువంటివారు వైద్యుని పర్యవేక్షణలో క్రమంగా మానవలసి ఉంటుంది. కల్తీకల్లు సంఘటనలు దీనికి సాక్ష్యం. అంటే మన కథలు శతాబ్దంగా ఆదర్శంగా చూపుతున్న చర్య, ఎక్కువగా లోబడినవారి విషయంలో ప్రమాదకరమైన చర్య. రెండవది నైతికమైనది. మానడం సంకల్పబలమైతే, మళ్లీ మొదలుపెట్టడం సంకల్పలోపమవుతుంది. వ్యసనంలో తిరిగి పడటం తరచుగా జరిగే విషయమని వైద్యులు చెబుతారు. కాని సీసా పగలగొట్టిన నాయకుడికి మళ్లీ పడిపోయే అధ్యాయం మన కథ రాయదు. ఆ అధ్యాయం లేనందువల్ల, నిజజీవితంలో మళ్లీ పడినవాడు తన కథ ముగిసిందనుకుంటాడు. కుటుంబమూ అలాగే అనుకుంటుంది.

దీనికి ప్రతివాదం ఊహించదగినదే. కలిపినవాడిపై, అమ్మినవాడిపై దృష్టి పెట్టడం తాగినవాడికి మినహాయింపు ఇవ్వడం కాదా? తాగి కొట్టినవాడు బాధితుడా? ఈ ప్రశ్న న్యాయమైనది. దూబగుంట స్త్రీల ఆచరణలోనే దీనికి సమాధానముంది. వారు భర్తలను క్షమించలేదు, నిలదీశారు. కాని నిలదీయడం భర్త దగ్గరే ఆపలేదు, వేలంపాట జరిగే కచేరీదాకా తీసుకుపోయారు. బాధ్యత ఒకరినుంచి మరొకరికి బదిలీ అయ్యే వస్తువు కాదు. అది వరుసలో ఉన్న ప్రతివారికీ వారి వంతుగా ఉంటుంది. సాహిత్యం ఆ వరుసలో ఒక్కరినే వెలుగులో నిలబెట్టి మిగిలినవారిని చీకట్లో వదిలితే, అది కఠినంగా ఉన్నట్లు కనిపించినా నిజానికి ఉదాసీనంగా ఉన్నట్లే.

మరొక ప్రతివాదం సాహిత్యస్వభావం నుంచి వస్తుంది. కథ ఆరోగ్యశాఖ కరపత్రం కాదు, ఆబ్కారీ నివేదిక కాదు. నిజమే. కాని ఈ వ్యాసం కోరుతున్నది కరపత్రాన్ని కాదు. పాత్ర వెనుక ఉన్న పరిస్థితిని చూడటం కళకు బయటి విషయం కాదు. కన్యాశుల్కంలోని దుకాణం దృశ్యం ఆ నాటకంలో హాస్యం తగ్గించలేదు, పెంచింది. వాస్తవాన్ని ఎక్కువగా చూడటం వల్ల కళ బలహీనపడుతుందన్న భయానికి గురజాడే సమాధానం.

ముగింపు

పై పరిశీలన నుంచి మూడు ప్రతిపాదనలు చేయవచ్చు. మొదటిది, తెలుగు సాహిత్యంలో మత్తును గురించిన అధ్యయనం వ్యసనపరుడి పాత్రచిత్రణకు పరిమితం కాకూడదు. దుకాణం, వేలం, సరఫరా, చట్టం, ఇంటిఖర్చు ఇతివృత్తంలో ఎక్కడ కనిపిస్తాయి, ఎక్కడ అదృశ్యమవుతాయి అన్నది పరిశోధనాంశం కావాలి. రెండవది, అక్షరాస్యతా వాచకాలు, ఉద్యమగీతాలు, కరపత్రాలు సాహిత్యచరిత్రలో అనుబంధంగా కాక ప్రధానపాఠాలుగా చదవదగినవి. వీటిలో చాలావరకు చిల్లరకాగితాలుగా చెదిరిపోతున్నాయి. విశ్వవిద్యాలయ గ్రంథాలయాలు వాటిని సేకరించి భద్రపరచడం తక్షణావసరం. మూడవది, ‘వ్యసనం’ అన్న మాటకు దాని పాత అర్థాలను తరగతిగదిలోనైనా తిరిగి ఇవ్వాలి.

మూడవ ప్రతిపాదన చిన్నదిగా కనిపించవచ్చు. కాని ఈ పత్రిక చదివే అధ్యాపకుల ముందు కూర్చునే విద్యార్థుల్లో, వారి ఇళ్లలో, ఆ 38 మందిలో మిగిలిన 37 మంది ఉన్నారు. దేవదాసును పాఠంగా చెప్పినా, మధుసేవను ప్రస్తావించినా, కచుని కథను వివరించినా, ఆ గదిలో ఎవరో ఒకరు తమ గురించో తమ తండ్రి గురించో వింటున్నారు. అక్కడ వ్యసనం అంటే దుర్గుణమని మాత్రమే చెబితే ఆ విద్యార్థి నోరు మూసుకుంటాడు. వ్యసనం అంటే ఆపద అని, దుఃఖం అని కూడా నిఘంటువు చెబుతోందని గుర్తుచేస్తే సహాయం అడగడానికి అతనికి ఒక మాట దొరకవచ్చు. శుక్రాచార్యుడు తాగినవారిని శపించాడు. ఆ కథనే మరోసారి పాఠం చెప్పేటప్పుడు బూడిద కలిపినవారెవరని కూడా అడగవలసిన బాధ్యత నేటి పాఠకులదీ, అధ్యాపకులదీ.